కుడివైపు కీలు

రిపేరు షాపు,
మార్చి 6

మహారాజశ్రీ బావగారి సముఖమునకు,

ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, ఈ షాపులోని మూడుకాళ్ల స్టూలు మీద నేటి నుంచి యజమాని తప్ప అన్యులెవ్వరూ కూర్చోరాదు. టీ గ్లాసు అడుగున మిగిలిన చక్కెర మీద సర్వహక్కులూ యజమానివే. కింద పడిన స్క్రూను ముందుగా ఎవరు చూస్తే వారే వంగి తీయవలెను. చూడనట్టు నటించినవారు వారం రోజుల పాటు స్క్రూడ్రైవర్ ముట్టుకునే అర్హత కోల్పోవుదురు. మరియు, పంపినవారి పేరు గాని, లోపల 'బాగున్నావా' అనే ముక్క కాగితం గాని లేకుండా వచ్చే పార్సిళ్లను సాక్షి సమక్షంలోనే తెరవవలెను. సాక్షిగా షాపు పిల్లిని నియమించడమైనది.

షాపులో నేనొక్కణ్ణే కాబట్టి ఈ శాసనాలన్నీ పాటించవలసినవాణ్ణి కూడా నేనే. సరే, విషయానికొస్తాను.

నీ పార్సిలు అందింది. ఆరేళ్లలో మా అక్క ఇంటి నుంచి నాకొచ్చిన మొదటి వస్తువు ఇదే. పేరు రాయకపోయినా రాత పట్టేశాను బావా. ప్రతి అక్షరమూ క్యూలో నిలబడి తన వంతు కోసం చూస్తున్నట్టుండే ఆ రాత, బస్ డిపోలో ఇరవై ఎనిమిదేళ్లు టైము పట్టికలు రాసిన గుమాస్తాకు తప్ప ఇంకెవరికుంటుంది.

లోపల అక్క కీబోర్డు. ఇరవై రెండేళ్లు ప్రెస్సులో దీనిమీదే పుస్తకాలు టైపు చేసింది. ప్రెస్సు మూతపడిన రోజు ఆమె అడిగి తెచ్చుకున్నది ఇదొక్కటే. మూడు కేజీల బరువు. ఇప్పుడొచ్చే కీబోర్డులు దీని ముందు అట్టముక్కలు. దీనిలో ఒక్కో కీ కింద ఒక స్ప్రింగు ఉంటుంది, నొక్కితే వంగి టక్కుమంటుంది. అక్క ఊపు మీద ఉంటే పక్క గదిలో రేకుల మీద వాన పడుతున్నట్టుండేది.

దాని గతి ఏమైందో సాక్షి సమక్షంలో చూశాను. కుడి మూల పగిలింది. వెనక పలకను పట్టుకునే ప్లాస్టిక్ మేకులు సగం విరిగి లోపల గలగలమంటున్నాయి. ఎవరో ఎత్తి పడేశారు. నువ్వేనని పిల్లి అంటోంది. పైగా పంపేముందు దుమ్ము తుడవడం కూడా నీకు చేతకాలేదు. ఎడమవైపు కీలు శుభ్రంగా ఉన్నాయి, కుడివైపు దుమ్ము దుమ్ముగానే ఉంది, దాని మీద అడ్డంగా ఏదో ఈడ్చినట్టు ఒక చార. సగం పనికే ఆయాసమొచ్చి కూర్చున్నావన్నమాట. విప్పేముందు ఫొటో తీయడం నాకు అలవాటు. తీశాను. కింద 'మా బావ చేసిన శుభ్రత' అని రాసి గోడకు అంటించాను. వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నాను.

ఇంతకీ ఇది ఎవరికి? అక్క టైపింగు మానేసి చాలా కాలమైంది. రిటైరై కూర్చున్న నువ్వు ఆత్మకథ గాని మొదలుపెట్టావా? ఫలానా బస్సు ఫలానా నిమిషానికి బయలుదేరెను అని మూడొందల పేజీలు? అక్క చేత నాకు ఒక్క ముక్క రాయించు, వారంలో చేసిస్తాను. లేదంటే నాకు బుద్ధి పుట్టినప్పుడు.

ఇట్లు,
నీకున్న ఒకే ఒక్క బావమరిది

*

ఇంటి నుంచి,
మార్చి 11

షాపువాడికి,

నీ ఉత్తరంలో మొదటి పేజీ చింపేశాను. రెండోదాంట్లో పని సంగతి ఉంది కాబట్టి అది ఉంచాను.

నీకు పంపే ముందు నాలుగు షాపులు తిరిగాను. ఇద్దరు నవ్వారు. ఒకడు పారేసి కొత్తది కొనుక్కోమన్నాడు. నాలుగోవాడు, ఇలాంటివి బాగుచేసేవాడు ఒక్కడే మిగిలాడని చెప్పి నీ షాపు చిరునామా రాసిచ్చాడు. ఆ చీటీ చూసి అక్కడే అరగంట నిలబడిపోయాను. ఇంకో దారి ఉంటే నీ గుమ్మం వైపు చూసేవాణ్ణి కాదు.

ఎవరికన్నది నీకు అనవసరం. ఫోను చేయకు. ఫోను మోగితే ఇంట్లో అందరికీ వినబడుతుంది. నీ గొంతు ఈ ఇంట్లో వినబడటానికి వీల్లేదు. రాకు, వస్తే తలుపు తీయను. మీ అక్క నీకు రాయదు. ఆరేళ్ల కిందట నీతో ఆమె అన్న ఆఖరి మాట నీకు గుర్తుండే ఉంటుంది. ఆ మాట మీదే ఉంది.

ఏప్రిల్ ఒకటికల్లా నాకు చేరాలి. రెండో తారీఖు కాదు.

*

రిపేరు షాపు,
మార్చి 20

డిపో మేనేజరు కాలేకపోయిన బావగారికి,

ఏప్రిల్ ఒకటి నాలాంటివాళ్లకు సెలవు రోజు. ఆ రోజు ఎవరికీ ఏదీ సక్రమంగా చేసివ్వను, అది మా వృత్తిధర్మం.

అయినా నీకు పనంటే ఏమిటో తెలియదు కాబట్టి చెబుతున్నాను, విను. కీలన్నీ ఊడదీశాను. నూటొక్కటి. సబ్బునీళ్లలో వేశాను, నీళ్లు మూడుసార్లు నల్లబడ్డాయి. వెనక పలకకున్న ప్లాస్టిక్ మేకులు యాభైకి పైనే. ఒకటి విరిగిందంటే మిగతావి కూడా వరసలో ఉన్నట్టే. అందుకని అన్నిటినీ ఉలితో చెక్కేసి, ఒక్కోచోట సన్నగా రంధ్రం వేసి బోల్టూ నట్టూ బిగించాలి. రంధ్రం వెంట్రుకవాసి పక్కకు పోయిందంటే పలక గోవిందా. రోజుకు ఐదు కంటే వేయను, నా కళ్లు నావి. స్ప్రింగుల కింద ఉండే రబ్బరు గుడ్డ పొడిపొడిగా రాలిపోయింది, కొత్తది కత్తిరించాలి. పదో తరగతి రెండుసార్లు తప్పినవాడికి ఇంతకంటే వేగం రాదు. నువ్వు పాసైనవాడివి కదా, నువ్వే చేసుకో.

అక్క ఆఖరి మాట గురించి రాశావు. ఎందుకు గుర్తులేదు? "నా గడప తొక్కకు, నీ నవ్వు నాకు వినబడకూడదు" అంది. నేను చేసిన ఘోరమేమిటి? నాన్నకు పక్షవాతం వచ్చాక ఎలా నడిచేవాడో, నీళ్లు ఎలా అడిగేవాడో చుట్టాలందరూ ఉన్న రోజు చేసి చూపించాను. ఇంటిల్లిపాదీ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. నవ్వనిది అక్క ఒక్కతే, ఆమెను చూసి నువ్వు. దానికి ఆరేళ్లు శిక్ష. మనుషుల్ని చంపినవాళ్లకు కూడా మధ్యలో సెలవిచ్చి ఇంటికి పంపుతారట.

కాబట్టి నీ కీబోర్డు దాని తీరిక మీద అది వస్తుంది. తొందరుంటే అక్కను అడగమను.

*

ఇంటి నుంచి,
ఏప్రిల్ 9

బావమరిదీ,

వరసపెట్టి పిలిచాను. చాలా? ఇక పంపు.

ఎనిమిది రోజులు దాటింది. ఎందుకు తొందరో చెప్పలేను. నీకు నేనంటే కసి ఉంటే నా మీద తీర్చుకో, ఎన్ని ఉత్తరాలైనా రాయి, నా గురించి ఊరంతా చెప్పుకో. దాన్ని మాత్రం ఆపకు. బతుకంతా టైము పట్టికలు రాసినవాణ్ణి. ఏ బండి తప్పితే ఇంకోటి ఉంటుందో, దేని తర్వాత ఇంకోటి లేదో నాకు తెలుసు. దీని తర్వాత ఇంకోటి లేదు.

*

రిపేరు షాపు,
ఏప్రిల్ 22

వరస కలిపిన బావకు,

నువ్వు బతిమాలడం ఇరవై ఏళ్లలో ఇదే మొదటిసారి. ఆ కాగితాన్ని కూడా గోడకెక్కించాను, నీ శుభ్రత పక్కన.

కీబోర్డు ఈ రోజే పంపుతున్నాను. పగిలిన మూల లోపల నుంచి అతికించాను, మళ్లీ పడేస్తే నాకు పంపకు. తీగ చివర కొత్త కంప్యూటర్లకు పట్టే ముక్క బిగించాను. నూటొక్క కీలూ ఒక్కొక్కటే కొట్టి విన్నాను, మూగది ఒక్కటీ లేదు. ఇంత బాగా చేసినందుకు నా మీద నాకే కోపంగా ఉంది.

లోపల నీకో చిన్న బహుమతి ఉంది. నీలాగా కళ్లతో వెతికి, ఒంటివేలితో అక్షరం అక్షరం పొడిచేవాళ్లకే దొరుకుతుంది. అక్కలాగా కీల వైపు చూడకుండా కొట్టేవాళ్లకు జన్మలో తెలియదు. ఆత్మకథ మొదటి పేజీ పూర్తయ్యాక నాకో కాపీ పంపు. చదివి నవ్వుకుంటాను.

*

ఇంటి నుంచి,
మే 8

నీకు చెప్పనని మాటిచ్చాను. ఆ మాట ఇప్పుడు తప్పుతున్నాను.

మీ అక్కకు జనవరి పద్దెనిమిదిన పక్షవాతం వచ్చింది. కుడి కాలు, కుడి చెయ్యి. కాలు కొంత తిరిగింది, కర్ర పట్టుకుని గది దాటుతుంది. చెయ్యి తిరగలేదు. మాట ముద్దగా వస్తోందని మాట్లాడటమే మానేసింది. ఏం కావాలన్నా ఎడమ చేత్తో పలక మీద రాసి చూపిస్తుంది.

రోజూ ఒకమ్మాయి వచ్చి వ్యాయామం చేయిస్తుంది. రబ్బరు బంతి పిసకమంటే పిసకదు. గుడ్డలు మడవమంటే మడవదు. ఫిబ్రవరిలో ఒకరోజు అటక వైపు చూపించి కీబోర్డు దింపమంది. దింపి ముందు పెట్టాను, తుడవబోతే తుడవనివ్వలేదు. ఎడమ చెయ్యి పరుగెత్తింది. కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తి కీల మీద పెట్టుకుంది. అది జారిపోయింది. మళ్లీ పెట్టుకుంది. మూడోసారి జారాక కీబోర్డునే బల్ల మీద నుంచి తోసేసింది. నీ పిల్లి సాక్ష్యం తప్పు, పడేసింది నేను కాదు.

మర్నాడు తనే అది బాగుచేయించమని రాసింది. కొత్త కీబోర్డు తెచ్చి చూశాను. ఆ వేళ్లు మొద్దుబారి ఉన్నాయి, నొక్కిందో లేదో ఆమెకు తెలియడం లేదు. పాతదాంట్లో అయితే కీ దిగినప్పుడు వేలికి తగులుతుంది, చెవికి వినబడుతుంది. డాక్టరు మొదటి ఆరు నెలల్లో ఎంత వస్తే అంత అన్నాడు. అందులో ఏడు వారాలు నువ్వు మింగేశావు.

నీ పార్సిలు వచ్చిన రోజు ఆమె తల దువ్వించుకుని కూర్చుంది. ఎడమవైపు కొట్టింది, ఆ చప్పుడు వినగానే ముఖం మారింది. తర్వాత కుడి చూపుడువేలు. చూసి పెడితే తప్ప ఆ వేలు కదలదు. ఒక కీని చూసుకుని, నిమిషం సేపు పెనుగులాడి నొక్కింది. తెర మీద వేరే అక్షరం వచ్చింది. ఇంకోటి నొక్కింది. మళ్లీ వేరేది. ఆ కీల సంగతి నాకేం తెలుసు, ఆమే తప్పు కొట్టిందనుకున్నాను. "పోనీలే, మళ్లీ నేర్చుకుంటావు" అన్నాను.

నా నోటితో నేనన్నాను ఆ మాట. చెయ్యే కాదు, అక్షరాలు కూడా పోయాయని ఆమె అనుకుంది. ఇరవై రెండేళ్లు కళ్లు మూసుకుని కొట్టిన మనిషి. పదకొండు రోజులు మంచం దిగలేదు. పలక కూడా ముట్టుకోలేదు. నిన్న వ్యాయామం అమ్మాయి తనే కొట్టి చూసి, "ఇవి ఎవరో అటూ ఇటూ మార్చారండీ" అంది. అప్పుడు తెలిసింది నాకు నీ బహుమతి.

మీ నాన్న నవ్వాడని రాశావు. నవ్వించి నువ్వు మర్నాడే వెళ్లిపోయావు. ఆయన ఆ రోజు నుంచి పోయేదాకా ఎనిమిది నెలలు మనుషుల ముందుకు రాలేదు. గోడవైపు తిరిగి తినేవాడు. తినిపించింది మీ అక్క. తన సంగతి నీకు ఎందుకు చెప్పొద్దందో తెలుసా? "వాడు నన్ను చేసి చూపిస్తాడు" అని రాసింది.

ఏ కీ ఎక్కడిదో రాసి పంపు. ఇంకేమీ రాయకు.

*

రిపేరు షాపు,
మే 12

బావా,

కుడివైపు ఎనిమిది కీలు మార్చాను. వరస మారిస్తే ఏటవాలు తేడా వేలికి తెలిసిపోతుంది, అందుకని ఏ వరసవి ఆ వరసలోనే మార్చాను. అక్షరాల మధ్య వరసలో కుడి చివర నుంచి నాలుగు, పై వరసలో కుడి చివర నుంచి నాలుగు. ఒక్కో వరసలో ఆ నాలుగునీ వెనక నుంచి ముందుకు పెట్టాను. మొదటిది నాలుగోచోట, రెండోది మూడోచోట. నువ్వు మళ్లీ తిరగేస్తే సరిపోతుంది.

కీని నిటారుగా పైకి లాగు, తిప్పకు. పెట్టేటప్పుడు కీబోర్డును బల్ల మీద పరవకు. పలకలాగా నిలబెట్టు, అన్నిటికంటే పొడవైన కీ పైకి వచ్చేలా. అలా పెడితేనే స్ప్రింగు గొట్టం మధ్యలో నిలబడుతుంది. కీ దించాక కొట్టి విను. టక్కుమంటే సరి. మెత్తగా దిగితే స్ప్రింగు పక్కకు ఒరిగినట్టు, తీసి మళ్లీ పెట్టు. నీ చేతుల సంగతి నాకు తెలుసు, మేకు కొట్టబోయి గడియారం పగలగొట్టిన చేతులవి. అయినా నన్ను రానివ్వవు కాబట్టి నువ్వే చేయాలి.

ఇంకేమీ రాయొద్దన్నావు. రాస్తాను. నువ్వు చదవకపోతే చించుకో.

గోడ మీది ఫొటో తీసి చూశాను. ఎడమవైపు దుమ్ము లేదు, కుడివైపు ఉంది, మధ్యలో చార. నాన్న చెయ్యి బల్ల మీద నుంచి అలా జారడం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అయినా నాకు తట్టలేదు. నీ మీద జోకు దొరికిందన్న సంబరంలో రెండోసారి చూడలేదు. తొమ్మిది వారాలు దాన్ని ఎదురుగా పెట్టుకుని టీ తాగాను.

అలాగని నువ్వు మంచివాడివైపోవు. మార్చిలో ఒక్క వాక్యం రాసుంటే, కూర్చున్నచోటు నుంచి లేవకుండా వారంలో చేసేవాణ్ణి. మాటిచ్చావట. నీ మాట నిలబెట్టుకోవడానికి అక్క చేతిలో ఏడు వారాలు ఖర్చుపెట్టావు. నేను సగం, నువ్వు సగం. మనం కలిసి చేసిన పని ఇదొక్కటే.

*

ఇంటి నుంచి,
మే 21

షాపువాడికి,

నీ సగం నా సగం లెక్క నీ దగ్గరే ఉంచుకో.

కీలు మార్చడానికి మూడు గంటలు పట్టింది. ఒక కీ నాలుగుసార్లు మెత్తగా దిగింది. అయిదోసారి టక్కుమంది. మీ అక్క మంచం మీద నుంచి చూస్తూ ఉంది. అంతా అయ్యాక పలక తీసుకుని, "ఇది ఎవరో షాపువాడు చేసింది కాదు. వాడు చేసింది" అని రాసింది. ఇంకెలా దాచను. అవునన్నాను.

కోప్పడుతుందనుకున్నాను. నవ్వింది. జనవరి తర్వాత ఆమె గొంతు నేను గట్టిగా విన్నది అదే. తన బుర్ర పోలేదని అప్పుడు నమ్మకం కుదిరినట్టుంది. దీనికి నీకు కృతజ్ఞత చెప్పాలని ఎదురుచూడకు. నువ్వే తోసి నువ్వే లేపావు.

ఇప్పుడు కీబోర్డు ముందు కూర్చుంటోంది. కానీ కుడి చెయ్యి ఒళ్లోంచి బయటికి తీయదు. ఎడమ చేత్తోనే కొడుతుంది. వ్యాయామం అమ్మాయి చూస్తే మూతికి చెంగు అడ్డం పెట్టుకుంటుంది. ఇలాగే ఉంటే జులై వస్తుంది, పోతుంది, చెయ్యి అలాగే ఉండిపోతుంది అని ఆ అమ్మాయి నన్ను వంటగదిలోకి పిలిచి చెప్పింది.

నిన్న మీ అక్క పలక మీద రాసి, దీనికి నీ నుంచి జవాబు తెప్పించమంది. "నాన్నను ఎందుకలా చేసి చూపించాడో అడుగు."

నువ్వు రాసింది ఆమెకు చదివి వినిపిస్తాను. ఒక్క జోకు కనబడినా అక్కడే ఆపి పొయ్యిలో పెడతాను.

*

రిపేరు షాపు,
మే 26

అక్కా,

బావ చదువుతున్నాడు కాబట్టి జోకులు లేవు.

ఆ రోజుకు ముందురోజు పొద్దున నాన్నకు గడ్డం గీస్తున్నాను. మర్నాడు చుట్టాలొస్తున్నారని. కుడి చెంప గీసేటప్పుడు ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ ముద్దమాటతోనే, ఒక్కో మాటా కూడబలుక్కుని అన్నాడు. "నన్ను చూసి జాలిపడితే చస్తాను. నవ్వితే బతుకుతాను. రేపు వాళ్లను నవ్వించు."

సరేనన్నాను. అందుకే చేశాను. నీకు అప్పుడే చెప్పి ఉండాల్సింది. నువ్వు అందరి ముందూ గడప తొక్కొద్దన్నావు, నాకు రోషమొచ్చింది, చెప్పకుండా వెళ్లిపోయాను. ఆ తర్వాత ఆయన గది దాటి ఎందుకు రాలేదో నాకు తెలియదు. ఓపిక తగ్గి ఉంటుంది.

చెయ్యి ఒళ్లోంచి తీయక్కా. చూసి ఎవరైనా నవ్వితే నవ్వనీ.

*

ఇంటి నుంచి,
జూన్ 24

ఒరేయ్ కోతీ,

ఇది నేనే కొడుతున్నాను. మీ బావను గదిలోంచి పంపించేశాను. పక్కన నిలబడి నిమిషాలు లెక్కపెడతాడు, డిపోలో ఉన్నట్టు.

నువ్వు రాసింది విన్న రోజు నిద్రపట్టలేదు. ఆరేళ్లు నాన్న మనసు నాకు మాత్రమే తెలుసనుకున్నాను. ఆయన అడిగి చేయించుకున్న పనికి నిన్ను ఇంట్లోంచి వెళ్లగొట్టానన్నమాట.

ప్రెస్సులో కొత్తగా చేరినవాళ్లకు నేను ఒకటే వాక్యం ఇచ్చి వందసార్లు కొట్టించేదాన్ని. ఇప్పుడు నాకు నేనే ఇచ్చుకున్నాను. నాన్న మాట. జాలిపడితే చస్తాను, నవ్వితే బతుకుతాను. రోజుకు నాలుగైదుసార్లతో మొదలుపెట్టి ఇప్పుడు నలభైకి వచ్చాను. కుడివైపువి కుడి చేత్తోనే. మొదట్లో ఒక్కసారి కొట్టడానికి అరగంట పట్టింది. ఇప్పుడు ఆరు నిమిషాలు. చూపుడువేలు వచ్చింది, మధ్యవేలు వస్తోంది. కీ దిగి టక్కుమన్నప్పుడల్లా నాన్న ఊఁ అన్నట్టుంటుంది. మూతికి చెంగు అడ్డం పెట్టుకోవడం మానేశాను. పాలు పోసేవాడితో కూడా మాట్లాడాను, వాడికి అర్థం కాలేదు, మళ్లీ చెప్పాను.

నీ మీద కోపం పోయిందనుకోకు, ఆ ఎనిమిది కీల సంగతి మిగిలే ఉంది. ఆదివారం రా. ఎదురుగా కూర్చోబెట్టి తిడతాను.

(కింద చేతిరాతతో) తలుపు తీస్తాను. కుర్చీ వేయను. — బావ

*

రిపేరు షాపు,
జులై 1

అక్కా,

ఇది బావ చదవక్కర్లేదు, నువ్వే చదువు.

ఆదివారం బయలుదేరాను. ఉతికిన చొక్కా వేసుకుని, మీ వీధి మలుపు దాకా వచ్చాను. ఉక్కపోతగా ఉంది కదా, మీ కిటికీ తెరిచే ఉంది. చప్పుడు వినబడింది. ఎడమ చెయ్యి గబగబా, ఆగి, కుడి చెయ్యి ఒక్కటి. మళ్లీ గబగబా, ఆగి, ఒక్కటి. పక్కనున్న టైలరు షాపు అరుగు మీద కూర్చుని విన్నాను. ఆ వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతోందో నాకు తెలిసిపోతోంది. ఏడుసార్లు విన్నాను. టైలరు ఎవరు కావాలన్నాడు. ఎవరూ వద్దని చెప్పి తిరిగొచ్చేశాను.

ఆరు నెలలు నిండటానికి ఇంకా పదిహేడు రోజులుంది. అప్పటిదాకా నోరు మూసుకుంటే నీ ఉంగరంవేలు కూడా వచ్చేస్తుందేమో. బావకు తెలిస్తే నన్ను నోరు మూసుకోమనే అంటాడు, జీవితంలో మొదటిసారి ఇద్దరిదీ ఒకే మాటవుతుంది. కానీ నా వల్ల కావడం లేదు. ఎంతమందినో ఎన్నిసార్లో ఏమార్చాను, నవ్వుకుని మర్చిపోయాను. నా బూటకాన్ని ఒక మనిషి రోజుకు నలభైసార్లు, రాని వేలితో, అంత కష్టపడి కొడుతుంటే వినడం ఇదే మొదలు.

చుట్టాలొచ్చిన రోజు నాన్న నీళ్ల గ్లాసు ఎత్తబోతే చెయ్యి జారి ఒళ్లంతా తడిసింది. అందరూ మాటలాపి చూశారు. నాకు భయమేసింది. భయమేస్తే నాకు చేతనైంది ఒకటే, లేచి అది చేశాను. నవ్వులు వచ్చాయి, బాగుందనిపించింది, ఇంకోసారి చేశాను. ఇంతకంటే కారణం లేదక్కా. ఎంత వెతికినా లేదు.

తిట్టు. ఇంకో ఆరేళ్లు రావద్దను, రాను. కీబోర్డు మాత్రం తోసేయకు, ఆపకు. వాక్యం మార్చుకో. నన్ను తిట్టేది ఒకటి పెట్టుకో, కుడివైపు అక్షరాలు ఎక్కువ వచ్చేలా చూసుకుని. రోజుకు నలభైసార్లు కాదు, నాలుగొందలసార్లు కొట్టు.

ముందురోజు గడ్డం గీసిన మాట నిజం. ఆయన నా మణికట్టు పట్టుకున్న మాటా నిజం, బ్లేడు గీరుకుందని పట్టుకున్నాడు. కానీ నన్ను నవ్వించమని నాన్న అడగలేదు. ఆ పొద్దున ఆయన అసలు నోరే విప్పలేదు. నువ్వు కొడుతున్న వాక్యం నాది. నీకు జవాబు రాద్దామని కూర్చుని, మూడు కాగితాలు నలిపి పారేసి, నాలుగోదాని మీద అల్లాను.